పన్ను తగ్గింపు ఎప్పుడు సబ్సిడీ అవుతుంది? బహుళజాతి కంపెనీల పన్ను కేసులపై తరచుగా అడిగే ప్రశ్నలు

యాపిల్ కంపెనీ ఐర్లాండుకు 1,300 కోట్ల యూరోల పన్ను బకాయి కట్టాల్సిందేనని యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం 2024 సెప్టెంబరు 10న తేల్చింది. అంతకు ముందు ఫియట్, అమెజాన్, ఎంజీ (ఫ్రాన్సు ఇంధన సంస్థ) కేసుల్లో అదే న్యాయస్థానం కంపెనీలవైపే మొగ్గింది. చట్టం ఒకటే, కోర్టూ ఒకటే, ఫలితాలు మాత్రం ఇలా ఎందుకు వచ్చాయన్న సందేహం చాలామందిది. ఆ సందేహం చుట్టూ తిరిగే ప్రశ్నలే ఇవి.

పన్ను ఎంత వేయాలో ఆ దేశం ఇష్టం కదా, మధ్యలో యూరోపియన్ యూనియన్‌కు ఏం పని?

పన్ను రేటు దేశం ఇష్టమే. ఐర్లాండులో వ్యాపార లాభాలపై మామూలు కార్పొరేట్ పన్ను 12.5 శాతం. చుట్టుపక్కల దేశాలకు అది ఎంత కంటగింపుగా ఉన్నా, తక్కువ రేటు పెట్టినందుకు ఐర్లాండుపై ఈ చట్టం కింద కేసు నడవలేదు. ఆ రేటు అందరికీ ఒకటే కాబట్టి.

చిక్కు వచ్చేది ఒకరికి మాత్రమే తగ్గించినప్పుడు. ప్రభుత్వ వనరులతో కొన్ని సంస్థలకే ప్రత్యేక లాభం చేకూర్చి, పోటీని వక్రీకరించి, సభ్యదేశాల మధ్య వ్యాపారాన్ని ప్రభావితం చేసే సాయం చెల్లదని 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇప్పుడది యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందంలో 107వ అధికరణం. సాయం ఇవ్వాలనుకున్న దేశం, యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్‌కు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలని 108వ అధికరణం అంటుంది. ఈ కేసుల్లో పన్ను శాఖలు ఆ పని చేయలేదు. తాము ఇస్తున్నది సాయమని అవి అనుకోనే లేదు.

పన్ను వసూలు చేయకపోతే అది సబ్సిడీ ఎలా అవుతుంది? ఖజానా నుంచి పైసా బయటికి పోలేదు కదా.

వంద రూపాయలు చేతిలో పెట్టడానికీ, రావలసిన వంద రూపాయల బాకీ మాఫీ చేయడానికీ పుచ్చుకునేవాడికి తేడా ఉండదు. యూరప్ న్యాయస్థానాలు దశాబ్దాలుగా ఇదే మాట అంటున్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ సబ్సిడీల ఒప్పందమూ, రావలసిన ఆదాయాన్ని ప్రభుత్వం వదులుకోవడాన్ని సబ్సిడీ నిర్వచనంలోనే చేర్చింది.

అయితే ‘రావలసిన’ అన్న మాట దగ్గరే కథంతా ఉంది. ఎంత రావలసి ఉందో ముందు తేలితే కదా ఎంత వదిలేశారో తెలిసేది!

ఈ కేసుల్లో వినిపించే టాక్స్ రూలింగ్ అంటే లోపాయికారీ ఒప్పందమేనా?

కాదు. ‘మేం ఫలానా విధంగా వ్యాపారం చేయబోతున్నాం, మా పన్ను ఎలా లెక్కిస్తారు?’ అని కంపెనీ అడిగితే పన్ను శాఖ ముందుగా ఇచ్చే జవాబు అది. చాలా దేశాల్లో ఉన్న పద్ధతే, దానిలో తప్పేమీ లేదు. రేపు అధికారి మారితే లెక్క మారుతుందేమోనన్న భయం లేకుండా కంపెనీకి భరోసా దొరుకుతుంది. కమిషన్ కూడా రూలింగులను తప్పుపట్టలేదు, వాటిలోని లెక్కలను ప్రశ్నించింది.

ఆ జవాబులు గోప్యంగా ఉండటం వల్ల అనుమానాలు పెరిగిన మాట నిజం. సరిహద్దులు దాటే రూలింగుల వివరాలను సభ్యదేశాల పన్ను శాఖలు ఒకదానికొకటి తప్పనిసరిగా పంపుకోవాలన్న నిబంధన 2017 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ప్రజలకు మాత్రం ఇప్పటికీ కనిపించవు.

ఆ లెక్కల్లో అంత మెలిక ఏముంటుంది?

స్టార్‌బక్స్ కేసు చూడండి. కాఫీ గింజలు అందరికీ అర్థమయ్యే సరుకు.

ఆమ్‌స్టర్‌డాంలో ఆ గ్రూపుకు గింజలు వేయించే కంపెనీ ఒకటి ఉండేది. పచ్చి గింజలను అది స్విట్జర్లాండులోని సోదర కంపెనీ నుంచి కొనేది. గింజలు ఎలా వేయించాలో తెలిపే పరిజ్ఞానానికి బ్రిటన్‌లో నమోదైన మరో సోదర కంపెనీకి రాయల్టీ కట్టేది. గింజల ధర పెంచితే లాభం స్విట్జర్లాండుకు పోయేది. రాయల్టీ పెంచితే బ్రిటన్ కంపెనీకి పోయేది, ఆ కంపెనీకి బ్రిటన్‌లోగానీ నెదర్లాండ్స్‌లోగానీ కార్పొరేట్ పన్ను కట్టే బాధ్యత లేదు. ఎటు చూసినా నెదర్లాండ్స్‌లో పన్నుకు మిగిలేది పిసరంతే. అదే పరిజ్ఞానానికి బయటి వేయింపు సంస్థలెవరూ రాయల్టీ కట్టడం లేదని కమిషన్ వాదించింది.

సొంత కంపెనీల మధ్య ఇలా ధర నిర్ణయించుకోవడాన్ని ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అంటారు. సంబంధం లేని ఇద్దరు బేరమాడితే ఎంత ధర పలికేదో అంతే ఉండాలన్నది దానికి సూత్రం. చెప్పడం తేలికే. బజారులో దొరకని వస్తువుకు బజారు ధర ఎవరు చెప్పగలరు?

2015 అక్టోబరు 21న కమిషన్ స్టార్‌బక్స్‌పై, ఫియట్‌పై ఒకేరోజు ఆదేశాలిచ్చింది. ఒక్కొక్కరు 2 నుంచి 3 కోట్ల యూరోలు కట్టాలంది. స్టార్‌బక్స్ విషయంలో 2019 సెప్టెంబరు 24న యూరోపియన్ యూనియన్ కింది కోర్టు అయిన జనరల్ కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. నెదర్లాండ్స్ వాడిన లెక్కల పద్ధతిలో లోపాలు చూపితే చాలదు, ఆ లోపాల వల్ల పన్ను నిజంగా తగ్గిందని రుజువు చేయాలంది. కమిషన్ అప్పీలుకు వెళ్లలేదు.

యాపిల్ కేసులో అసలు జరిగింది ఏమిటి?

ఐర్లాండులో యాపిల్‌కు రెండు కంపెనీలు ఉండేవి: యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్, యాపిల్ ఆపరేషన్స్ యూరప్. రెండూ అక్కడ నమోదైనవే, అయినా ఏ దేశంలోనూ పన్ను నివాసులు కావు, అంటే ఏ దేశమూ వాటిని పన్ను విషయంలో తన కంపెనీలుగా లెక్కించేది కాదు. యూరప్‌లో ఏ ఊళ్లో ఫోను కొన్నా, కాగితం మీద ఆ అమ్మకం జరిగేది యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్ ద్వారానే. ఆ లాభాన్ని కంపెనీ లోపలే రెండుగా విడదీసేవారు. చిన్న ముక్క ఐర్లాండులోని శాఖకు, మిగిలినదంతా ‘ప్రధాన కార్యాలయానికి’.

ఆ ప్రధాన కార్యాలయం ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఉద్యోగులు లేరు, గది లేదు, అప్పుడప్పుడు డైరెక్టర్ల సమావేశం తప్ప కార్యకలాపం లేదు. ఈ విభజనకు ఐర్లాండు పన్ను శాఖ 1991లో ఒకసారి, 2007లో మరోసారి సరేనంది.

2011 ఒక్క ఏడాది తీసుకుంటే, యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్‌కు వచ్చిన లాభం సుమారు 1,600 కోట్ల యూరోలు. ఐర్లాండులో పన్ను వేయదగినదిగా చూపింది 5 కోట్లు. కట్టిన పన్ను కోటి యూరోల లోపు. కమిషన్ లెక్క ప్రకారం ఆ ఏడాది ప్రతి 10 లక్షల యూరోల లాభానికి 500 యూరోల పన్ను పడింది. 2014 నాటికి అది 50 యూరోలకు దిగింది, అంటే 0.005 శాతం. కేసు గురించి మరేదీ గుర్తులేనివారికి కూడా ఈ అంకె గుర్తుంటుంది.

యాపిల్ ఐర్లాండు ఏర్పాట్లు 2013 మే నెలలో అమెరికా సెనెట్ ఉపసంఘం విచారణలో బయటపడ్డాయి. కమిషన్ జూన్‌లో ఐర్లాండుకు మొదటి ప్రశ్నలు పంపింది, ఏడాది తరువాత లాంఛనంగా దర్యాప్తు తెరిచింది, 2016 ఆగస్టు 30న ఆదేశం ఇచ్చింది. పదేళ్ల కంటే పాత సాయాన్ని వసూలు చేయడానికి వీల్లేదు కనుక లెక్క 2003 నుంచి మొదలైంది. అంతకు ముందు పన్నెండేళ్లలో ఎంత వదిలేశారన్నది ఇక అనవసర చరిత్ర.

2020 జూలైలో జనరల్ కోర్టు ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. ఐర్లాండు శాఖలు నిజంగా ఏం చేశాయో చూపకుండా, ప్రధాన కార్యాలయం ఖాళీగా ఉంది కాబట్టి లాభమంతా శాఖలదేనని కమిషన్ తీసివేత పద్ధతిలో తేల్చిందని ఆ కోర్టు అభిప్రాయం. 2024లో పై కోర్టు దీన్ని తోసిపుచ్చింది. కమిషన్ శాఖల పనినీ, ప్రధాన కార్యాలయం పనినీ పక్కపక్కన పెట్టి చూసిందనీ, జనరల్ కోర్టు దాన్ని తప్పుగా చదివిందనీ చెప్పింది. కేసును వెనక్కి పంపకుండా తానే తుది తీర్పు ఇచ్చేసింది. అంతటితో అప్పీలు దారులు మూసుకుపోయాయి.

వేల కోట్లు వస్తుంటే ఐర్లాండు వద్దని ఎందుకు పోరాడింది?

ఎక్కువమంది నవ్వుతూ అడిగే ప్రశ్న ఇది. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలితో తన్నుతారా అని. ఐర్లాండు లెక్క వేరు. ఆ దేశం దశాబ్దాలుగా విదేశీ కంపెనీలను రప్పించుకున్నది ‘ఇక్కడ పన్ను ఎంతో ముందే తెలుస్తుంది, తరువాత మారదు’ అన్న మాట మీద. పాతికేళ్ల కిందటి రూలింగు చెల్లదని తానే ఒప్పుకుంటే ఆ మాటకు విలువ పోతుంది. పైగా పన్నుల అధికారం దేశాలదా, బ్రసెల్స్‌లోని యూనియన్‌దా అన్న పంతం ఒకటి. 2016 సెప్టెంబరులో అప్పీలుకు ఐర్లాండు పార్లమెంటు 93–36 ఓట్లతో మద్దతు పలికింది. ఆ డబ్బుతో ఆసుపత్రులు కట్టవచ్చు కదా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఓడిపోయారు.

వసూలులో ఆలస్యం చేస్తున్నారని 2017లో కమిషన్ ఐర్లాండునే కోర్టుకు ఈడ్చింది. చివరికి 2018 సెప్టెంబరు నాటికి వడ్డీతో కలిపి 1,430 కోట్ల యూరోలు, వివాదం తేలేదాకా సొమ్మును విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలోకి చేరాయి. తీర్పు వచ్చేదాకా ఆరేళ్లు ఆ సొమ్ము ఇటు యాపిల్‌దీ కాక, అటు ఐర్లాండుదీ కాక అక్కడే కూర్చుంది.

అది జరిమానాయా? కమిషన్‌కు ఎంత వాటా?

జరిమానా కాదు. పొందకూడని లాభాన్ని వడ్డీతో వెనక్కి తీసుకోవడం మాత్రమే. అది చక్రవడ్డీ, అందుకే మొత్తం పెరుగుతుంది. కమిషన్‌కు వాటా లేదు. సాయం ఇచ్చిన దేశానికే డబ్బు తిరిగి చేరుతుంది. నిబంధన అతిక్రమించిన ప్రభుత్వానికే సొమ్ము ముట్టడం వింతగా తోస్తుంది, కానీ చట్టం ఉద్దేశం శిక్షించడం కాదు, పోటీని పూర్వస్థితికి తేవడం.

మరి ఫియట్, అమెజాన్ కేసుల్లో కమిషన్ ఎందుకు ఓడిపోయింది?

కొలబద్ద దగ్గర. ఈ మొత్తం వ్యవహారంలో అర్థం చేసుకోవలసిన సంగతి ఒక్కటే అయితే అది ఇదే.

ఒకరికి మేలు జరిగిందని చెప్పాలంటే, మామూలుగా జరిగేది ఏమిటో చూపాలి. ఆ మామూలు స్థితిని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? కమిషన్ చాలాకాలం ఒక ఆదర్శ సూత్రాన్ని పట్టుకుంది: సొంత కంపెనీల మధ్య ధరలు బజారు ధరల్లాగే ఉండాలన్నది 107వ అధికరణంలోనే ఇమిడి ఉందనీ, దేశ చట్టంలో ఉన్నా లేకున్నా వర్తిస్తుందనీ. 2022 నవంబరు 8న ఫియట్ కేసులో న్యాయస్థానం దీన్ని ఒప్పుకోలేదు. ప్రత్యక్ష పన్నులు దేశాల అధికార పరిధిలోవి. కాబట్టి ఫియట్‌కు లక్సెంబర్గ్ ఇచ్చిన రూలింగును లక్సెంబర్గ్ చట్టంతోనే తూచాలి. ఆ సూత్రాన్ని లక్సెంబర్గ్ తన చట్టంలో ఎలా రాసుకుందో, ఎంతవరకు రాసుకుందో అంతే లెక్క. బయటి నుంచి తెచ్చిన తూకపు రాళ్లు పనికిరావు.

అమెజాన్‌దీ అదే దారి. లక్సెంబర్గ్‌లోని కంపెనీ, పన్ను పడని సోదర సంస్థకు భారీ రాయల్టీ కట్టడం వల్ల లాభాల్లో సుమారు ముప్పావు వంతుకు పన్ను తప్పిందనీ, 25 కోట్ల యూరోలు వసూలు చేయాలనీ 2017లో కమిషన్ చెప్పింది. 2021లో జనరల్ కోర్టు దాన్ని రద్దు చేసింది. 2023 డిసెంబరులో పై కోర్టు ఆ రద్దును ఖాయం చేసింది. కమిషన్ ఆధారపడ్డ అంతర్జాతీయ మార్గదర్శకాలు లక్సెంబర్గ్ చట్టంలో భాగమని చూపలేదన్నది అక్కడ తేలిన లోపం. అదే నెలలో ఎంజీ కేసులో 12 కోట్ల యూరోల ఆదేశమూ పోయింది.

యాపిల్ కేసులో కొలబద్ద ఐర్లాండు సొంత పన్ను చట్టమే. ఆ దేశంలో నివాసులు కాని కంపెనీల శాఖలకు పన్ను ఎలా వేయాలో చెప్పే సెక్షన్ అది. ఆ కొలబద్ద సరైనదేనని జనరల్ కోర్టు అన్నప్పుడు, కేసు గెలిచిన ఐర్లాండుగానీ యాపిల్‌గానీ ఆ ఒక్క అంశంపై ఎదురు అప్పీలు వేయలేదు. పై కోర్టుకు వచ్చేసరికి అది తేలిపోయిన విషయమైంది. ఫియట్‌ను రక్షించిన వాదన యాపిల్‌కు అందుబాటులో లేకపోయింది. నా దృష్టిలో 1,300 కోట్ల కేసు తిరగబడింది ఇక్కడ. పత్రికలు మాత్రం దీన్ని నీతికీ దురాశకూ మధ్య పోరుగానే రాశాయి.

 

‘పన్ను శాఖే సరేనంది, నా తప్పేమిటి’ అని కంపెనీ అనకూడదా?

అనవచ్చు, సాధారణంగా నిలవదు. సాయానికి కమిషన్ అనుమతి ఉందో లేదో చూసుకోవడం పుచ్చుకునేవారి బాధ్యత అని కోర్టుల వైఖరి. యూరోపియన్ యూనియన్ సంస్థలే స్పష్టమైన హామీ ఇచ్చి ఉంటే తప్ప, దేశ ప్రభుత్వం ఇచ్చిన భరోసా సరిపోదు. 2006లో బెల్జియం సమన్వయ కేంద్రాల (బహుళజాతి గ్రూపులు తమ అంతర్గత సేవల కోసం పెట్టుకున్న సంస్థల) కేసులో అలాంటి ఊరట కొంత దొరికింది, ఎందుకంటే ఆ పథకం సాయం కాదని 1980ల్లో కమిషనే చెప్పింది. ఇది కంపెనీలకు అన్యాయమన్న విమర్శలో పస లేకపోలేదు. తమ వ్యాపారం నడిచే దేశపు పన్ను అధికారిని నమ్మకుండా మరెవరిని నమ్ముతారు?

ఒక కంపెనీకి కాక, ఒక పథకం కింద చాలామందికి ఇస్తే?

అప్పుడూ ప్రశ్న అదే, జవాబు ఇంకా కష్టం. బహుళజాతి గ్రూపులకు ‘అదనపు లాభం’ (గ్రూపులో భాగం కావడం వల్లే వచ్చిందని చెప్పే లాభం)పై పన్ను మినహాయించిన బెల్జియం ఏర్పాటును 2016లో కమిషన్ తప్పుపట్టింది. కనీసం 35 కంపెనీలు, సుమారు 70 కోట్ల యూరోలు. అది పథకమే కాదని జనరల్ కోర్టు 2019లో కొట్టేసింది, పథకమేనని పై కోర్టు 2021లో తేల్చింది, 2023లో జనరల్ కోర్టు కంపెనీల సవాళ్లను తోసిపుచ్చింది.

బ్రిటన్ గ్రూపుల విదేశీ అనుబంధ సంస్థలకు ఇచ్చిన మినహాయింపు కేసు మాత్రం కమిషన్‌కు ఎదురు తిరిగింది. యాపిల్ తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకే, 2024 సెప్టెంబరు 19న, కమిషన్ ఆదేశం రద్దయింది. కారణం మళ్లీ తప్పు కొలబద్ద.

అమెరికా కంపెనీలపై కక్ష అన్న ఆరోపణ నిజమా?

అమెరికా ట్రెజరీ 2016 ఆగస్టులో, యాపిల్ ఆదేశానికి కొద్దిరోజుల ముందు, ఒక పత్రమే విడుదల చేసింది. కమిషన్ కొత్త సిద్ధాంతాన్ని పాత లావాదేవీలకు వర్తింపజేస్తోందన్నది దాని ఫిర్యాదు. విదేశంలో కట్టిన పన్నుకు స్వదేశంలో తగ్గింపు ఇవ్వాల్సి వస్తే, యూరప్ వసూలు చేసేది చివరికి అమెరికా ఖజానా నుంచే పోతుందన్న భయమూ ఉంది. కక్ష సంగతికి వస్తే, ఫియట్ ఇటలీది, ఎంజీ ఫ్రాన్సుది, బెల్జియం పథకంలో లబ్ధి పొందినవి ఎక్కువగా యూరప్ కంపెనీలే. మెక్‌డొనాల్డ్స్‌కు లక్సెంబర్గ్‌లో జరిగినది చట్టవిరుద్ధ సాయం కాదని 2018లో కమిషనే తేల్చింది.

యూరప్ బయట ఇలాంటి వివాదాలు లేవా?

ఉన్నాయి, కానీ ఆట నియమాలు వేరు. ప్రపంచ వాణిజ్య సంస్థలో దేశం మీద దేశమే ఫిర్యాదు చేస్తుంది, కంపెనీకి అక్కడ స్థానం లేదు. పాత లాభాన్ని కక్కించడం సాధారణంగా ఉండదు, ఇకపై ఆపమంటారు. ఆపకపోతే ఎదుటి దేశం సుంకాలు వేసుకోవచ్చు.

అమెరికా తన ఎగుమతిదారులకు విదేశీ విక్రయ సంస్థల పేరిట ఇచ్చిన పన్ను మినహాయింపు నిషిద్ధ సబ్సిడీ అని 2000లో ఆ సంస్థ అప్పీళ్ల విభాగమైన అప్పిలేట్ బాడీ తేల్చింది. అమెరికా పేరు మార్చి మరో చట్టం తెచ్చింది, అదీ ఓడింది. ఏటా సుమారు 404 కోట్ల డాలర్ల మేర ప్రతీకార సుంకాలు వేయవచ్చని 2002లో మధ్యవర్తులు తేల్చారు, 2003లో యూరప్‌కు అనుమతి దొరికింది. 2004 మార్చిలో 5 శాతం అదనపు సుంకం మొదలుపెట్టి నెలనెలా ఒక్కో శాతం పెంచుతూ పోయారు. ఆ అక్టోబరులోనే అమెరికా చట్టాన్ని రద్దు చేసింది. సబ్సిడీ వివాదాల్లో ఇంత ఓపికగా బిగించిన మర మరొకటి నాకు కనిపించలేదు.

బోయింగ్ కేసులోనూ పన్ను ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం విమాన తయారీకి ఇచ్చిన వ్యాపార పన్ను తగ్గింపు చుట్టూ ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి 2020లో ఆ రాష్ట్రమే దాన్ని ఎత్తేసింది. అదే ఏడాది అక్టోబరులో యూరప్‌కు దాదాపు 400 కోట్ల డాలర్ల సుంకాలకు అనుమతి వచ్చింది. అంతకు ఏడాది ముందు ఎయిర్‌బస్ సబ్సిడీల మీద అమెరికాకు 750 కోట్ల అనుమతి వచ్చి ఉంది. 2021 జూన్‌లో ఇద్దరూ ఐదేళ్లపాటు ఆ సుంకాలను పక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు.

15 శాతం కనీస పన్ను వచ్చాక ఈ గొడవలు ఆగిపోతాయా?

ఒక రకం ఆగుతుంది. ఏటా 75 కోట్ల యూరోలు, ఆపైన ఆదాయం ఉన్న గ్రూపులకు 15 శాతం కనీస పన్ను యూరోపియన్ యూనియన్‌లో 2024 నుంచి అమలవుతోంది, ఐర్లాండు కూడా అందులో ఉంది. 0.005 శాతం కథలు ఇక నడవడం కష్టం. అయితే 2025 జూన్‌లో జీ7 దేశాలు, అమెరికా మాతృసంస్థలున్న గ్రూపులను కీలక నిబంధనల నుంచి పక్కన పెట్టే అవగాహనకు వచ్చాయి.

ఇక సబ్సిడీ పేరు మార్చుకుని మరో తలుపు నుంచి వస్తుంది. ఈ కనీస పన్ను లెక్కలో, నగదుగా తిరిగి ఇచ్చే కొన్ని రకాల పన్ను క్రెడిట్లను పన్ను తగ్గింపుగా కాక ఆదాయంగా చూస్తారు. అంటే 15 శాతం వసూలు చేసి, పరిశోధన క్రెడిట్ రూపంలో వెనక్కి ఇచ్చే దేశానికి పెద్దగా దెబ్బ తగలదు. ఆ క్రెడిట్ ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న ప్రశ్న మాత్రం 107వ అధికరణం దగ్గరికే చేరుతుంది. యూనియన్ బయటి ప్రభుత్వాలు ఇచ్చే సబ్సిడీలను, పన్ను మినహాయింపులతో సహా, పరిశీలించే నిబంధన ఒకటి 2023 జూలై నుంచి విడిగా నడుస్తోంది.

ఇన్ని రహస్య రూలింగులు బయటికి ఎలా వచ్చాయి?

కొన్ని కమిషన్ అడిగి రాబట్టినవి. లక్సెంబర్గ్‌వి వందల సంఖ్యలో 2014 నవంబరులో ‘లక్స్‌లీక్స్’ పేరిట పత్రికలకెక్కాయి. జీన్-క్లాడ్ యుంకర్ కమిషన్ అధ్యక్షుడిగా పదవి చేపట్టిన వారంలోపే. ఆ రూలింగుల్లో చాలావరకు ఇచ్చిన కాలంలో లక్సెంబర్గ్ ప్రధాని ఆయనే.

కాగితాలు బయటికిచ్చింది ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ మాజీ ఉద్యోగులు ఇద్దరు. 2016లో లక్సెంబర్గ్ కోర్టు ఇద్దరికీ సస్పెండ్ చేసిన జైలు శిక్షలు వేసింది. అప్పీళ్ల తరువాత, పత్రాలు బయటపెట్టిన నేరం నుంచి మొదటి వ్యక్తి విముక్తుడయ్యాడు. రెండో వ్యక్తి ఇచ్చినవి మొత్తం 16 పత్రాలు. పద్నాలుగు పన్ను రిటర్నులు, రెండు లేఖలు. వాటిలో కొత్త విషయమేమీ లేదని చెప్పి ఆయనకు వెయ్యి యూరోల జరిమానా మిగిల్చారు. ఆయన స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి అక్కడా ఒకసారి ఓడి, 2023 ఫిబ్రవరి 14న విస్తృత ధర్మాసనంలో 12–5తో గెలిచారు. వెయ్యి యూరోల జరిమానా వేసిన లక్సెంబర్గ్ ఆయనకు 15,000 యూరోల పరిహారం, 40,000 యూరోల ఖర్చులు చెల్లించాలని ఆ తీర్పు.